నూట అరవై మూడో పేజీ

వకుళ తన కూతురి తలకి మొదటిసారి ఆ పట్టీ పెట్టింది మే నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం. కిన్నెర దివాన్ మీద బోర్లా పడుకుని, కాళ్లు గాల్లో ఊపుకుంటూ నవల చదువుతోంది. పక్కన పళ్లెంలో కోసిపెట్టిన మామిడి ముక్కల మీద ఈగలు వాలుతున్నా పట్టించుకునే స్థితిలో లేదు.

"కాసేపు ఇది పెట్టుకుంటావా? ఆఫీసు పని," అంది వకుళ.

"నొప్పి పుడుతుందా?"

"హెయిర్‌బ్యాండ్ లాంటిదే. నీ మానాన నువ్వు చదువుకో."

కిన్నెర పుస్తకం మీంచి కళ్లు తీయకుండానే తల ముందుకి వంచింది. వకుళ పట్టీని సర్ది, పక్క గదిలోకెళ్లి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

ఆమె పనిచేసేది మంగళగిరి దగ్గర ఒక చిన్న పరిశోధనశాలలో. మెదడు అలలు చదవడం అక్కడివాళ్ల పని. ఆరేళ్లు కష్టపడి తయారుచేసిన ఈ పట్టీకి 'ఏకాగ్ర' అని పేరు పెట్టారు. రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేని పిల్లల కోసం పుట్టిన వస్తువది. మనసు పక్కకి జారగానే పసిగట్టి, చెవి వెనక చీమ నడిచినట్టు చిన్న తాకిడి ఇస్తుంది. దాంతో పిల్లలకి తెలియకుండానే మనసు మళ్లీ అక్షరం మీదికి వస్తుంది. ఏలూరు నుంచి తెచ్చిన ఎనిమిదేళ్ల పాప ఒకతె, ఆ పట్టీతో తొలిసారి ఒక పేజీ మొత్తం ఆగకుండా చదివిన రోజున, వకుళ బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకి కిన్నెర పుట్టినప్పుడు తప్ప ఎప్పుడూ కలగలేదు.

ఈ ఆదివారం ఆమెకి కావలసింది, ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఇష్టంగా చదువుతున్నప్పటి అలలు. పన్నెండు నిమిషాలు తెర మీద మామూలు గీతలే కదిలాయి. ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా ఒకే తూగులో పడ్డాయి. పక్కింట్లో మిక్సీ తిరిగింది, కిన్నెర ఫోను మోగింది, వకుళే రెండుసార్లు పేరు పెట్టి పిలిచింది. ఆ తూగు చెదరలేదు. పరిశోధనశాలలో దీన్ని 'మునక' అనేవాళ్లు. పెద్దవాళ్లని పిలిపించి, నవలలు చేతికిచ్చి, గంటలకొద్దీ కూర్చోబెట్టినా ఇంత శుభ్రమైన మునక వాళ్లకి ఎన్నడూ దొరకలేదు. వచ్చినవాళ్లు గడియారం చూసుకునేవాళ్లు.

సాయంత్రానికి కిన్నెర పుస్తకం మూసి వెక్కివెక్కి ఏడ్చింది.

"అతన్ని పట్టుకుపోయారమ్మా."

"ఎవర్ని?"

"రుద్రని. మిహిక ఒక్కతే మిగిలిపోయింది."

అది మూడు పుస్తకాల నవల. గోడల మధ్య ఒక నగరం. పదహారేళ్లు నిండగానే ఎవరు ఎవరితో బతకాలో అక్కడి మండలి చీటీ తీసి తేలుస్తుంది. మిహిక తన చీటీ చింపేసి రుద్రతో పారిపోతుంది. గోడ దాటే చోట అతను దొరికిపోతాడు. మొదటి పుస్తకం అక్కడితో సరి.

"రెండోది ఆగస్టులో వస్తుంది. అప్పటిదాకా ఎలా బతకాలో ఏంటో," అంది కిన్నెర ముక్కు తుడుచుకుంటూ.

వకుళ నవ్వి, కూతురి తల మీంచి పట్టీ తీసి, ఆ రికార్డుని 'నమూనా 31' అన్న పేరుతో దాచింది.

*

జూన్ నెలాఖరున 'ప్రజ్ఞావళి' జూనియర్ కాలేజీ డీన్ మల్లేశ్వరరావు పరిశోధనశాలకి వచ్చాడు. గన్నవరం దాటాక పెద్ద కాంపౌండులో ఉన్న ఆ రెసిడెన్షియల్ కాలేజీలోనే కిన్నెర ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పట్టీలు ముందుగా రెండు సెక్షన్లకి తీసుకుని వాడి చూశారట.

"మీ పట్టీ బాగానే ఉంది మేడమ్," అన్నాడాయన. "నిద్రపోయేవాణ్ని పట్టిస్తోంది, కిటికీలోంచి చూసేవాణ్ని పట్టిస్తోంది. కానీ మెటీరియల్ మధ్యలో నవల పెట్టుకుని చదివేవాడి దగ్గర కూడా పచ్చలైటే వెలుగుతోంది. వాడు మాకంటే తెలివైనవాడు."

"వాళ్లు శ్రద్ధగానే చదువుతున్నారు కదండీ. అందుకే పచ్చలైటు," అంది వకుళ.

"శ్రద్ధ కెమిస్ట్రీ మీదుండాలి."

పరిశోధనశాల పెద్ద ప్రొఫెసర్ సదాశివం కూడా అక్కడే ఉన్నాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "రెండింటికీ తేడా పట్టుకోవచ్చు. మన దగ్గర ముప్ఫై ఒకటి ఉందిగా, వకుళా," అన్నాడు.

పని మూడు వారాల్లో అయిపోయింది. ఏ మెదడైనా నమూనా 31 లాంటి తూగులో పడబోతుంటే పట్టీ గుర్తిస్తుంది. అక్కడితో ఆగి, వార్డెనుకి కబురు పెడితే చాలని వకుళ వాదించింది. కబురందేలోపు పిల్ల పది పేజీలు చదివేస్తుందని సదాశివం అన్నాడు. మునక మొదలయ్యే క్షణంలోనే చీమ తాకిడి ఇస్తే సరిపోతుందట. తూగు తెగిపోతుంది, పిల్ల తల ఎత్తి చుట్టూ చూస్తుంది, చేతిలో ఉన్నదేదో గుర్తొచ్చి పక్కన పెడుతుంది.

"ఎవరికీ దెబ్బ తగలదు. కథ కాస్త చప్పబడుతుంది, అంతే," అన్నాడు.

ఆ మార్పుకి ఒప్పుకుంటూ వకుళ సంతకం పెట్టింది. ఆ పట్టీ తన కూతురి తలకీ ఎక్కుతుందని ఆమెకి తెలుసు. తెలిసే పెట్టింది. కిన్నెరకి మెడికల్ సీటు రావాలని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా కోరుకున్నది తనే. భర్త మురళీకృష్ణ సీటు రాకపోతే ఇంకోటి చదువుతుందిలే అనేవాడు. వకుళ అలా అనుకోలేకపోయింది.

*

నెలకొక ఆదివారం పిల్లల్ని చూడనిచ్చేవాళ్లు. ఆగస్టులో వెళ్లినప్పుడు కిన్నెర తన స్నేహితురాలు రమీజాని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. రమీజాది నూజివీడు. వాళ్ల నాన్న టైలరు, అమ్మ స్కూలు టీచరు. సన్నగా, చెవులకి చిన్న వెండి పోగులతో, మాట మాటకీ నవ్వే పిల్ల.

చెట్టు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని ముగ్గురూ పులిహోర తిన్నారు. రమీజా అటూ ఇటూ చూసి చున్నీ కింద దాచిన పుస్తకాన్ని కాస్త బయటికి తీసి చూపించింది. అట్ట మీద తెల్లటి మైదానం, మధ్యలో ఒంటరి అమ్మాయి. పేరు 'ఉప్పుదారి'.

"వచ్చేసింది ఆంటీ, రెండోది. మా పిన్ని కొడుకు పంపాడు. నేను ఇరవై పేజీలు, ఇది ఇరవై పేజీలు. వంతులేసుకుని చదువుతున్నాం."

"ఎలా ఉంది?" అని అడిగింది వకుళ. అడిగింది గానీ, ఆమె కళ్లు ఇద్దరి తలల మీదున్న నల్లటి పట్టీల మీదే ఉన్నాయి.

"నడుస్తూనే ఉందమ్మా మిహిక," అంది కిన్నెర, నోట్లో ముద్దతోనే. "ఎండిపోయిన సముద్రం. ఎటు చూసినా ఉప్పే. దారి చూపించడానికి అనంత్ అని ఒకడున్నాడు, మాజీ కాపలావాడు. వాడు మంచోడో కాదో తెలీదు."

"మంచోడే," అంది రమీజా.

"నీకు వాడంటే ఇష్టం. రుద్ర జైల్లో మగ్గుతుంటే ఇక్కడ వీడితో నీళ్లు పంచుకుని తాగడమేంటి?"

"మరి దాహం వెయ్యదా?"

ఇద్దరూ పోట్లాడుకున్నారు. వకుళ వింటూ కూర్చుంది. బయల్దేరే ముందు కూతుర్ని పక్కకి పిలిచి, పట్టీ ఇబ్బంది పెడుతోందా అని అడిగింది.

"మెటీరియల్ చదివేటప్పుడు తెలియనే తెలియదు. ఇది చదివేటప్పుడే చెవి దగ్గర ఏదో చురుక్కుమంటుంది. చదివిన లైనే మళ్లీ చదవాల్సొస్తుంది. అయినా వదలను," అని నవ్వింది.

అప్పుడు వకుళ చెప్పి ఉండవచ్చు. ఆ చురుకు ఏమిటో, దానికి కొలత ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క మాటలో చెప్పి, ఆ పట్టీ తీయించి ఉండవచ్చు. "పరీక్షలయ్యాక చదువుకోవచ్చుగా" అని మాత్రం అని, టిఫిన్ డబ్బా సర్దుకుని వచ్చేసింది.

సెప్టెంబరులో వెళ్లేసరికి కిన్నెర మిహిక మాటెత్తలేదు. వారం పరీక్షలో క్లాసులో నాలుగో స్థానం వచ్చిందని చెప్పింది. వకుళకి సంతోషమే కలిగింది.

దసరా సెలవులకి ఇంటికొచ్చేటప్పుడు పుస్తకం కిన్నెరే తెచ్చుకుంది. అప్పటికే పూర్తి చేసేసిన రమీజా, సెలవుల్లో నువ్వూ చదివెయ్ అని బలవంతంగా సంచిలో పెట్టిందట. మొదటిరోజు మధ్యాహ్నం కిన్నెర దివాన్ మీద పడుకుని తెరిచింది. పావుగంట తర్వాత వకుళ అటుగా వెళ్తే పుస్తకం గుండెల మీద ఉంది, పిల్ల ఫ్యాన్‌కేసి చూస్తోంది. రెండోరోజూ అంతే. మూడోరోజు పుస్తకం టీవీ స్టాండు మీదికి చేరింది. మధ్యలో బస్సు టికెట్టు పెట్టి ఉంది, నూట అరవై మూడో పేజీ దగ్గర.

"చదవట్లేదేం?"

"బోర్ కొడుతోందమ్మా. నడుస్తూనే ఉంటుంది."

"రెండో పుస్తకాలు కాస్త సాగుతాయేమోలే."

"అది కాదు." కిన్నెర కాసేపు ఆలోచించింది. "అక్షరాలు తెలుస్తున్నాయి. ఏం జరిగిందో తెలుస్తోంది. అయితే ఏంటి అనిపిస్తోంది."

ఇంట్లో ఆమె తలకి పట్టీ లేదు.

*

మర్నాడు పరిశోధనశాలలో కాలేజీ నుంచి వచ్చే రికార్డులు తెరిచింది. పేర్లుండవు, నంబర్లే. కూతురి నంబరు ఆమెకి తెలుసు. ఆగస్టులో రోజుకి ఇరవై, ముప్ఫైసార్లు మునక మొదలై, మొదలైన క్షణానే తెగిపోయింది. సెప్టెంబరు మొదటి వారంలో పది. రెండో వారంలో రెండు. ఆ తర్వాత అసలు మొదలవ్వడమే లేదు.

మిగతా పిల్లలందరి గీతలూ పరిచి చూసింది. వాళ్లకీ తగ్గింది, కానీ ఎవరికీ సగానికి మించి తగ్గలేదు. పట్టీ వాళ్ల మునకని ఆలస్యంగా గుర్తుపట్టేది, ఒక్కోసారి వదిలేసేది. ఎందుకంటే ఒక్కొక్కరూ కథలో ఒక్కోలా మునుగుతారు. పట్టీకి తెలిసిన మునక ఒక్కటే. అది కిన్నెరది. మిగతావాళ్ల విషయంలో గురి తప్పిన ప్రతి తాకిడీ ఆ పిల్ల విషయంలో సూటిగా, వెంట్రుకవాసి తేడా లేకుండా తగిలింది. రెండు నెలల్లో కొన్ని వందలసార్లు తగిలాక మెదడు ఆ దారిలోకి వెళ్లడం మానేసింది.

ఆ సాయంత్రం వకుళ ఇంటికి ఒక పట్టీ తెచ్చింది. తాకిడి ఇచ్చే భాగాన్ని తనే విప్పి తీసేసింది. మొదటి పుస్తకాన్ని, ఏడ్చేంతగా చదివిన ఆ పుస్తకాన్నే, కిన్నెర చేతికిచ్చి చదవమంది. గంటసేపు తెర ముందు కూర్చుంది. పక్కింటి మిక్సీ తిరిగితే గీతలు చెదిరాయి. వీధిలో స్కూటరు వెళ్తే చెదిరాయి. తూగు లేదు.

సదాశివం అంతా విని, ముందుగా అడిగింది ఇది: "పాపకి మార్కులు ఎలా వస్తున్నాయి?"

"పెరిగాయి."

"నిద్ర?"

"బాగానే పోతోంది."

"మరి రిపోర్టులో ఏమని రాద్దాం? కథలు బోర్ కొడుతున్నాయనా?" ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు. "పదిహేడేళ్లకి చాలామందికి కథల మీద ఆసక్తి పోతుంది వకుళా. నాకూ పోయింది."

"దానికి పోలేదు సార్. మనం తీసేశాం."

"దానంతటది పోవడానికీ, మనం తీసేయడానికీ తేడా ఉన్నట్టు చూపించగలవా?"

చూపించగలదు. కానీ చూపించాలంటే నమూనా 31 ఎవరిదో, ఎవరి అనుమతితో తీసుకున్నారో కూడా చెప్పాలి. ఆయన ఆ మాట పైకి అనలేదు. అనాల్సిన అవసరం ఇద్దరికీ లేదు.

సెలవులయ్యాక వకుళ కాలేజీకి ఫోన్ చేసి కూతురికి పట్టీ తీసేయమంది. డీన్ ఆశ్చర్యపోయాడు. మీరు తయారుచేసిందాన్ని మీ అమ్మాయికే వద్దంటే మిగతా తల్లిదండ్రులు ఏమనుకుంటారు మేడమ్ అన్నాడు. అయినా సరే అంది. ఆయన కిన్నెరని పిలిపించి ఫోన్ ఇచ్చాడు.

"ఉండనీ అమ్మా," అంది కిన్నెర. "తీస్తే ధ్యాస పక్కకి పోతుంది. ఇప్పుడు క్లాసులో రెండోదాన్ని."

వకుళ గట్టిగా చెప్పలేకపోయింది. ఎందుకో చెప్పకుండా వద్దనడం ఎలాగో ఆమెకి తెలియలేదు. పోయింది ఎలాగూ పోయింది, చెబితే పిల్ల చదువు చెడుతుంది, పరీక్షలవనీ అనుకుంది. అనుకున్నదాంట్లో ఎంత ప్రేమో, ఎంత పిరికితనమో తర్వాత ఎన్నిసార్లు లెక్కేసుకున్నా తేలలేదు.

నవంబరులో రమీజాని కాలేజీ నుంచి ఇంటికి పంపేశారు. బాత్రూంలో పట్టీ తీసేసి నవలలు చదువుతూ ఐదోసారి దొరికిందట. నూజివీడులో గవర్నమెంటు కాలేజీలో చేర్చారని కిన్నెర ఫోన్లో చెప్పింది.

"పాపం, ఒంటరిదానివైపోయావు," అంది వకుళ.

"పర్లేదమ్మా. రూములో గోల తగ్గింది," అంది కిన్నెర.

*

మే నెలలో ప్రవేశపరీక్ష రాసి వచ్చిన మూడోరోజున వకుళ కూతురికి అంతా చెప్పింది. వంటింట్లో కిన్నెర చిక్కుడుకాయలు ఒలుస్తోంది. వకుళ పొయ్యి కట్టేసి, ఎదురుగా కూర్చుని, మామిడిపళ్ల ఆదివారం దగ్గర మొదలుపెట్టి సంతకం దాకా దాచకుండా చెప్పింది.

"నాకు చెప్పకుండా తీసుకున్నావా, అది?" అంది కిన్నెర.

"చెప్పకుండానే."

"దసరాకి తెలిసింది నీకు."

"అవును."

కిన్నెర రెండు చిక్కుడుకాయలు ఒలిచింది. ఈనె తీసి పక్కన పెట్టింది. తిడుతుందని, చేతిలో పళ్లెం విసిరికొడుతుందని, లేచి వెళ్లిపోతుందని వకుళ ఎదురుచూసింది. అందులో ఏది జరిగినా బాగుండుననుకుంది.

"పర్లేదులే అమ్మా," అంది కిన్నెర చివరికి. "నాకేం బాధగా లేదు. నిజంగా. అప్పుడు అంతంత ఏడవడం గుర్తొస్తే ఇప్పుడు నవ్వొస్తుంది."

జూన్ మొదట్లో ఫలితాలొచ్చాయి. రాష్ట్రంలో నలభై ఏడో ర్యాంకు. బెంజి సర్కిల్ దగ్గర ప్రజ్ఞావళి వాళ్లు పెట్టిన హోర్డింగులో మూడో వరసలో కిన్నెర ఫోటో వేశారు. తల మీద పట్టీ ఉన్న ఫోటోనే ఎంచుకున్నారు. మురళీకృష్ణ ఆఫీసు వాళ్లకి స్వీట్లు పంచాడు. పిల్ల నీ పోలికేనని వకుళతో గర్వంగా అన్నాడు. జరిగింది అతనికీ చెప్పింది. అతను "ఇప్పుడు చెబితే నేనేం చెయ్యను?" అని లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

అప్పటికి 'ఏకాగ్ర' నలభై రెండు కాలేజీలకి పాకింది. అన్నిచోట్లా లోపల ఉన్నది నమూనా 31. వకుళ ఉద్యోగం మానేసింది. ఇలాంటి పరికరాల భద్రత చూసే సంఘానికి ఫిర్యాదు రాసింది. విచారణకి పిలిస్తే వెళ్లింది. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. మర్యాదగానే మాట్లాడారు.

"నష్టం ఏమిటో కాస్త వివరంగా చెప్పండి," అందులో పెద్దావిడ అడిగింది.

"మా అమ్మాయి కథలు చదవలేకపోతోంది."

"చదవడం రావట్లేదా?"

"వస్తుంది. చదివినా అందులోకి వెళ్లలేకపోతోంది."

"తలనొప్పి, మతిమరుపు, మూర్ఛ లాంటివి?"

"లేవు."

"అమ్మాయి స్వయంగా ఫిర్యాదు చేస్తోందా?"

ఆ కాగితం మీద కూతురి సంతకం కోసం వకుళ రెండురోజులు అడిగింది. కిన్నెర కాగితాన్ని పూర్తిగా, శ్రద్ధగా చదివి తిరిగిచ్చేసింది. "నాకు నష్టం జరిగిందని నేనెలా సంతకం పెట్టను? నాకు తెలియట్లేదుగా," అంది. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఫిర్యాదు నమోదు చేశామని, తగిన ఆధారాలు దొరికినప్పుడు పరిశీలిస్తామని రెండు వారాలకి ఉత్తరం వచ్చింది.

*

జూన్ ఆఖరి శనివారం ఉదయం రమీజా వచ్చింది. కాస్త పొడుగైంది. చేతిలో రసాల సంచి. మెడికల్ సీటు రాలేదు, డిగ్రీలో చేరుతున్నానని నవ్వుతూనే చెప్పింది. కిన్నెర ఆమెని చూసి సంతోషించింది, కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది.

"మూడోది ఆగస్టులో వస్తోందే. అంతకంటే ముందు రెండోది మళ్లీ చదువుదామని, నా పుస్తకం కోసం వచ్చా," అంది రమీజా. "నువ్వు పూర్తి చేశావా?"

"లేదు. టీవీ దగ్గరుంది, తీసుకో."

రమీజా పుస్తకం తెరిచి బస్సు టికెట్టు చూసింది. "ఇంకా ఇక్కడే ఉన్నావా? దీని తర్వాతే కదే అసలు కథ. చెప్పనా?"

"చెప్పు," అంది కిన్నెర.

రమీజా కింద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వకుళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఉప్పు తుఫానులో అనంత్ చనిపోవడం, చివరి నీళ్ల సీసా మిహిక బట్టల్లో దొరకడం, అతను మూడు రోజులుగా తాగకుండా తాగినట్టు నటించాడని అప్పుడు తెలియడం, ఇవన్నీ రమీజా చేతులతో, కళ్లతో చెప్పింది. మిహిక ఒంటరిగా అవతలి గోడ చేరుతుంది. తలుపు తెరుచుకుంటుంది. తెరిచింది రుద్ర. ఒంటి మీద మండలి కాపలావాళ్ల బట్టలు.

"తనని గుర్తుపట్టాడే. కళ్లలో తెలుస్తుంది. కానీ పేరు పెట్టి పిలవడు. నంబరుతో పిలుస్తాడు. పుస్తకం అయిపోతుంది." రమీజా చున్నీ చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పక్కన వేరే కాపలావాళ్లు ఉన్నారేమో," అంది కిన్నెర. "పేరుతో పిలిస్తే ఇద్దరూ దొరికిపోతారు. అది సరైన పనే."

రమీజా కిన్నెర మొహంలోకి చూసింది. ఏదో వెతికింది. కిన్నెర కూడా ఆమెని స్నేహంగానే, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. తర్వాత గోడ గడియారం చూసి, "భోంచేసి వెళ్తావా? ములక్కాడ చారు చేసింది అమ్మ," అంది.

రమీజా భోంచెయ్యలేదు. వకుళ ఆమెని బస్సు ఎక్కించడానికి వెంట వెళ్లింది. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాక ఆ పిల్ల అడిగింది.

"దానికి నా మీద కోపమా ఆంటీ?"

"లేదమ్మా."

"మరి? నాకు తెలిసిన కిన్నెరైతే అనంత్ చచ్చిపోయాడంటే నన్ను కొట్టేది. వాణ్ని అన్ని మాటలన్నందుకు నాలుగు రోజులు అన్నం మానేసేది."

వకుళ చెప్పింది. కూతురికి చెప్పినంత వివరంగానే చెప్పింది.

"నేనూ పెట్టుకున్నాగా. నాకెందుకు పోలేదు?"

"కొంత పోయే ఉంటుంది. తీసేశావు కాబట్టి తిరిగొచ్చింది. అదీగాక, దాని కొలత నీది కాదు."

టైలరు కూతురు ఆ మాటని ఒకసారి లోపల మడిచి చూసుకున్నట్టుగా కూర్చుంది.

"దాని కొలతతో కుట్టి, దానికే తొడిగారు," అంది.

"అవును."

"అది ఏమంది?"

"పర్లేదంది."

రమీజా పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. గట్టిగానే ఏడ్చింది. బెంచీ చివర కూర్చున్న ఆడమనిషి ఏమైందమ్మా, ఎవరైనా పోయారా అని అడిగింది. వకుళ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. రమీజా పక్కకి జరిగింది.

నూజివీడు బస్సు వచ్చింది. రమీజా లేచి మొహం తుడుచుకుంది.

"నేను మళ్లీ మీ ఇంటికి రాను ఆంటీ. ఏమనుకోవద్దు."

"ఏమనుకోనమ్మా," అంది వకుళ.

బస్సు వెళ్లిపోయాక వకుళ నడిచి ఇంటికొచ్చింది. కిన్నెర ఇద్దరికీ కంచాలు పెట్టి, చారు వేడి చేసి ఉంచింది. చక్కగా వడ్డించింది. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తింది.

"అమ్మా, రమీజా ఎందుకేడ్చింది, కథ చివర్లో?"

తెలుసుకోవాలనే అడిగింది. వకుళ చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. ఎండిపోయిన సముద్రం మీద ఒక అమ్మాయి అంత దూరం నడవడం గురించి, ఒకే ఒక్క మనిషి తన పేరు పలుకుతాడన్న ఆశతో దాహాన్ని ఓర్చుకోవడం గురించి, తలుపు తెరుచుకున్నాక ఆ పేరు వినబడకపోవడం గురించి, తనకి వచ్చిన మాటల్లో మెల్లగా చెప్పింది. కిన్నెర తినడం ఆపి, కళ్లార్పకుండా, క్లాసులో పాఠం విన్నంత శ్రద్ధగా వింది.

"అర్థమైంది," అంది చివరికి తల ఊపి. "అంటే, మిహికకి బాధేసింది."